అత్త టీవీ, కోడలి టీవీ

వైఫై అంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. కరెంటు తీగలో వస్తుంది, నీళ్ళు పైపులో వస్తాయి, ఇంటర్నెట్ ఒక్కటీ గాలిలో రావాలా అని నా వాదం. ఈ ప్రశ్న పెళ్ళిళ్ళలో వేశాను, బారసాలల్లో వేశాను, ఒకచోట పరామర్శకు వెళ్ళి కూడా వేశాను. ఎవరూ జవాబు చెప్పలేదు. నా ధాటికి నోరు మూసుకున్నారని చాలాకాలం అనుకున్నాను. మా ఆవిడ మాత్రం వాళ్ళు భోజనాలకు లేచారంటుంది.

నేను చదివింది బీకాం. చేసేది లెక్కలు చూసే ఉద్యోగం. అయినా ఇంటికి ఏ పరికరం వచ్చినా అట్టపెట్టె విప్పే హక్కు నాదే. అందులో ఉండే చిన్న పుస్తకం చదివే బాధ్యత మాత్రం మా ఇంట్లో ఎవరికీ అప్పగించలేదు.

రాజమండ్రిలో ఇల్లు కట్టుకున్నప్పుడు నా సిద్ధాంతాన్ని గోడల్లోకి ఎక్కించే అవకాశం దొరికింది. కింద హాలు, వంటిల్లు, అమ్మ గది. పైన మేము. గోడలు తొమ్మిదంగుళాలవి, మధ్యలో స్లాబు. రూటరు నుంచి వచ్చే తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ రకానికి వేగం ఎక్కువే గానీ గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ రకం గోడలు దాటుతుంది, కానీ ఇరుగుపొరుగు రూటర్లతోపాటు మన మైక్రోవేవ్ పొయ్యి కూడా అదే దారిలో పడి ఉంటుంది. కాబట్టి టీవీ ఉండే ప్రతి గదికీ లాన్ పాయింటు, అంటే ఇంటర్నెట్ వైరు గుచ్చే సాకెట్టు, ఉండాల్సిందేనని పట్టుబట్టాను. వైరింగు చేసేతను తల గోక్కుని, “టెలిఫోన్ వైరు లాగినట్టే కదా సార్?” అన్నాడు.

“అంతే, అంతే. కాకపోతే ఇది క్యాట్ 6,” అన్నాను.

ఆ ‘కాకపోతే’ అన్నప్పుడు నా గొంతులో పలికిన గాంభీర్యం నాకిప్పటికీ గుర్తుంది. మిగిలిన కథంతా ఆ ముందు పలికిన రెండు ‘అంతే’ల ఫలితం.

కొన్నేళ్ళు అంతా బాగానే నడిచింది. అమ్మ గదిలో పాత టీవీ, దానికి కేబుల్ పెట్టె. పైన మా స్మార్ట్ టీవీకి మాత్రం గోడలోంచి వైరు. వచ్చిన చుట్టాలందరికీ టీవీ వెనక్కి వంగి ఆ వైరు చూపించేవాణ్ణి. టీవీ ముందువైపు ఏం ఆడుతోందో పట్టించుకున్న రోజులు తక్కువ.

మొన్న సంక్రాంతికి అమ్మకూ స్మార్ట్ టీవీ కొన్నాం. ఆవిడకు యూట్యూబులో ప్రవచనాలు కావాలి, ఆపకుండా కావాలి. గోడలో పాయింటు ఎటూ ఉంది, వైరు గుచ్చాను. ఆ సాయంత్రం సీతాకల్యాణం ఘట్టం. రాముడు శివధనుస్సు మీద చెయ్యి వేశాడు. అక్కడే ఆగిపోయాడు. తెర మధ్యలో గుండ్రంగా తిరిగే చుక్కలు. కాసేపటికి ‘నెట్‌వర్క్ కేబుల్ కనెక్ట్ అయి లేదు, సరిచూసుకోండి’ అని రాత. సరిగ్గా అదే సమయంలో పైనుంచి మా ఆవిడ కేక: “ఏమండీ, ఇక్కడా పోయింది!”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వచ్చిన జబ్బేమిటో టీవీయే తెర మీద రాసి చూపించింది. కేబుల్ సంగతి చూసుకోమంది. నేను కేబుల్ తప్ప మిగిలినవన్నీ చూశాను. ఎందుకంటే కేబుల్ నేను వేయించింది.

ముందు రూటరు ఆపి మళ్ళీ వేశాను. ఆ తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి డీఎన్‌ఎస్ అన్నచోట నాలుగు ఎనిమిదులు కొట్టాను. అది గూగుల్ వాళ్ళు నడిపే సర్వరు అడ్రసు. అది మారిస్తే అన్నీ బాగవుతాయని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఆయనా బీకామే. అదీ కుదరక అమ్మ టీవీకి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను, సమన్యాయం పాటించి మా టీవీకీ కొట్టాను. దాంతో రెండు టీవీలూ మమ్మల్ని మరచిపోయాయి. మా ఆవిడ సగంలో ఆపుకున్న సిరీస్‌లు, అమ్మ దాచుకున్న ప్రవచనాలు అన్నీ మళ్ళీ వెతుక్కోవాలి. అంతకంటే ముందు పాస్‌వర్డ్‌లు కొట్టాలి. ఎవడూ దొంగిలించకూడదని నేను పెట్టిన పాస్‌వర్డ్‌లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, ఒక డాలరు గుర్తు ఉన్నాయి. రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం దగ్గరికీ నడుచుకుంటూ వెళ్ళాలి. డాలరు గుర్తు దగ్గరికి వెళ్ళేసరికి ముందు కొట్టినవేమిటో మరచిపోయేవాణ్ణి. అవి తెరమీద చుక్కలుగా తప్ప కనపడవు.

ఇంత జరుగుతుండగా ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ జబ్బు కనిపెట్టేశారు.

“అత్తయ్య టీవీ ఆపితే మనది వస్తోందండీ,” అంది మా ఆవిడ.

“టీవీకీ టీవీకీ సంబంధమేమిటి? అది కింద, ఇది పైన,” అన్నాను.

“ఒరేయ్, కోడలు పైన స్విచ్చి ఆపినప్పుడల్లా నాది చక్కగా వస్తోందిరా,” అంది అమ్మ.

“కాకతాళీయం అంటారమ్మా దాన్ని. కాకి వాలింది, తాటిపండు పడింది.”

“ఏ కాకో గానీ రోజూ వాలుతోంది,” అంది అమ్మ.

వాళ్ళు నాతో వాదించలేదు. తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. ప్రవచనం అవగానే అమ్మ గోడ దగ్గర స్విచ్చి ఆపేసి, పైకి ఫోను చేసి రెండు రింగులు ఇచ్చి పెట్టేసేది. ఇక పైన మొదలు. పొద్దున్నే విష్ణుసహస్రనామం వేళకు పైన స్విచ్చి ఆపి ఉండేది. ఇల్లు ప్రశాంతంగా సాగిపోతోంది. నాకే ప్రశాంతత లేదు. శాస్త్రీయ దృక్పథం లేని ఇంట్లో ఉంటున్నానని బాధపడేవాణ్ణి.

నా సొంత పరిశోధనలో తేలింది వేరు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక పైన టీవీ నిక్షేపంగా నడుస్తోంది. అంటే సాయంత్రం ఊరంతా నెట్ వాడుతున్నారు, తొమ్మిదిన్నరకు తగ్గుతోంది, కంపెనీవాడు సామర్థ్యం పెంచకుండా కనెక్షన్లు అమ్ముకుంటున్నాడు. తొమ్మిదిన్నరకు మా అమ్మ పడుకుంటుందన్న విషయం నా పరిశోధనలో ఎక్కడా నమోదు కాలేదు. ఫోను చేసి అవతలి అమ్మాయికి రద్దీ వేళల గురించి పాఠం చెప్పాను. ఆ అమ్మాయి పాపం “కుర్రాణ్ణి పంపిస్తాం సార్” అంది, పంపించింది.

వచ్చినతను ల్యాప్‌టాప్ తీసి నేరుగా రూటరుకు వైరు గుచ్చాడు. మేం డబ్బు కట్టిన వేగం పూర్తిగా వచ్చింది. ఒకసారి గోడ వంక చూసి, “లోపల వైరింగు మీదేనా సార్?” అన్నాడు. “క్యాట్ 6,” అన్నాను. అతను ఇంకేం అనలేదు. కాఫీ తాగి, బాగుందని చెప్పి వెళ్ళాడు.

ఇక మిగిలింది నేనూ, నా గోడానూ. మెయిన్ రోడ్డు షాపులో లాన్ టెస్టరు కొన్నాను. ఇది రెండు ముక్కలుగా ఉంటుంది. పెద్ద ముక్క వైరుకు ఒక కొసన, చిన్న ముక్క రెండో కొసన పెట్టాలి. లోపలి ఎనిమిది తీగల్లో ఒక్కోదానికీ ఒక్కో దీపం. తీగ తెగితే దీపం వెలగదు, అటూ ఇటూ మారితే వరస తప్పి వెలుగుతుంది. పెద్ద ముక్కను హాల్లో గుచ్చాను. చిన్న ముక్కతో అమ్మ గదికి వెళ్ళాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలిగాయి. మేడెక్కి పైన పెట్టాను. అక్కడా ఎనిమిదీ వరసగా వెలిగాయి. మెట్ల మీద నుంచే ప్రకటించాను: “వైరు బంగారం! లోపం టీవీల్లో ఉంది!”

పదో తరగతి చదివే మా అబ్బాయి హాల్లో పెద్ద ముక్క పక్కనే కూర్చుని ఉన్నాడు. “నాన్నా, దీన్ని నువ్వు ఇక్కడినుంచి తీయలేదు కదా?”

“తీయడం దేనికి?”

“మరి ఒక్క వైరుకి పెడితే రెండు గదుల్లోనూ ఎలా వెలిగింది?”

రూటరు దగ్గర గోడలోంచి బయటికి వచ్చింది ఒకటే వైరు. మొదటినుంచీ ఒకటే. టీవీలున్న గదులు రెండు. ఇల్లు నాది, వైరింగు నా పర్యవేక్షణలో జరిగింది, లెక్కలు నా వృత్తి.

అమ్మ గదిలో గోడ పెట్టె మూత విప్పాం. హాల్లోంచి వచ్చిన వైరు, పైకి వెళ్ళే వైరు, అక్కడి సాకెట్టు మూడూ అక్కడ కలుసుకుంటున్నాయి. మా వైరింగతను ఎనిమిది తీగలకూ తొక్క ఒలిచి, రంగుకు రంగు కలిపి, మెలితిప్పి, ప్రతి జాయింటుకూ నల్ల టేపు చుట్టాడు. అంత శ్రద్ధగా చేసిన పని నేను ఆ ఇంట్లో ఇంకెక్కడా చూడలేదు. నేను చెప్పినట్టే చేశాడు. ల్యాండ్‌లైన్ రోజుల్లో హాల్లో ఒక ఫోను, పడగ్గదిలో ఇంకో ఫోను ఒకే లైను మీద పెట్టుకునేవాళ్ళం. ఒకళ్ళు మాట్లాడుతుంటే ఇంకొకళ్ళు ఎత్తి వినేవాళ్ళం కూడా. టెలిఫోన్ వైరులాగే కదా అని అడిగాడు, అంతే అన్నాను, అంతే చేశాడు.

లాన్ వైరుకు ఇది చెల్లదు. ఆ వైరుకు రెండే కొసలు ఉండాలి, ఒక్కో కొసకు ఒక్కటే పరికరం. వైరు పెట్టగానే రెండు వైపుల వాళ్ళూ నేనింత వేగం, నువ్వెంత వేగం అని సంకేతాలతో పలకరించుకుని ఒక ఒప్పందానికి వస్తారు. మా రూటరు పలకరించినప్పుడల్లా ఒకే తీగల మీద రెండు టీవీలు ఒకేసారి జవాబు చెబుతున్నాయి. ఎవరి మాటా దానికి తెలియక ఎవరూ లేరనుకుంటోంది. ఒక టీవీని గోడ దగ్గర ఆపేస్తే రెండోది ఎలాగో బతికేది. ఆడవాళ్ళిద్దరూ నెలల తరబడి నాకు చెబుతున్నది ఇదే.

చిత్రమేమిటంటే మా వైరింగతను చేసింది ఒకప్పుడు సరైన పద్ధతే. 1973 మే 22న అమెరికాలో, పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ అనే ఆయన ఒక నోట్ రాశాడు. ఈథర్‌నెట్‌కు, అంటే ఈ లాన్ వైరు పద్ధతికి, అదే పుట్టుక. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన కట్టిన తొలి నెట్‌వర్క్ వేగం సెకనుకు మూడు మెగాబిట్ల లోపే. అందులో ఉన్నది ఒకే ఒక్క కేబుల్. కంప్యూటర్లన్నీ దారిపొడుగునా దాన్నే తగులుకుని ఉండేవి. ఆ తర్వాత వచ్చిన లావు కేబుల్‌కు మధ్యలో పన్ను దించి తగులుకునే పరికరం ఒకటి ఉండేది, దాన్ని వ్యాంపైర్ ట్యాప్ అనేవారు. అందరికీ ఒకే వైరు కాబట్టి అక్కడ ఒక మర్యాద ఉండేది. మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినాలి. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరూ ఆగి, ఎవరికి తోచినంతసేపు వాళ్ళు ఊరుకుని, మళ్ళీ ప్రయత్నించాలి. 1990లో మెలి తీగల పద్ధతికి ప్రమాణం వచ్చాక ఎవరి వైరు వాళ్ళది అయింది. మెట్‌కాఫ్‌కు 2022 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు.

అంటే మా ఇంటి వైరింగు 1973లో ఉంది, టీవీలు ఇప్పటివి. మెట్‌కాఫ్ చెప్పిన మర్యాదను ఆయన పేరు కూడా వినకుండా పాటించినవాళ్ళు మా అమ్మ, మా ఆవిడ. ఎదుటివాళ్ళది అయిందా అని విని, అప్పుడు తమది మొదలుపెట్టారు. రెండు రింగులు దానికి సంకేతం. ఈ సంగతి వాళ్ళకు చెప్పాను. “మేం చెప్పినప్పుడు కాకి అన్నావు,” అంది అమ్మ.

బాగుచేసే పని సహజంగా నాదే అన్నాను. ముందు పైకి రెండో వైరు లాగుదామని చూశాం. పైపులో వంపులు, ఎక్కడో సిమెంటు దిగి గట్టిపడినట్టుంది. లాగడానికి లోపల తీగ కూడా వదల్లేదు. వైరు ఒకచోట తట్టుకుని ఇటూ రాదు, అటూ పోదు. కాబట్టి రెండో మార్గం: అమ్మ గదిలో జాయింట్లు తీసేసి, అక్కడ ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టడం. హాలు నుంచి వచ్చిన వైరు అందులోకి, అందులోంచి ఒకటి అమ్మ టీవీకి, ఇంకొకటి పైకి. అప్పుడు ప్రతి వైరుకూ రెండే కొసలు ఉంటాయి. ఐదు రంధ్రాల స్విచ్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. వంద మెగాబిట్ల రకం ఇంకా చవక. షాపతను టీవీలకే అయితే అది చాలన్నాడు. నేను గిగాబిట్‌దే కొన్నాను. క్యాట్ 6 వేయించుకున్నవాణ్ణి వందతో ఎలా సరిపెట్టుకుంటాను?

ప్లగ్గులు వేయడం ఒక విద్య. పాత సాకెట్ల మీద నమ్మకం పోయి, కొసలన్నిటికీ కొత్త ఆర్‌జె45 ప్లగ్గులు నేనే వేస్తానన్నాను. క్రింపింగ్ టూలు కొన్నాను. లోపల నాలుగు జతలు: నారింజ, పచ్చ, నీలం, గోధుమ. ప్రతి రంగుకూ తెల్లచారల జోడు ఒకటి. పీటల మీద పెళ్ళికొడుకు పక్కన పెళ్ళికూతురిని కూర్చోబెట్టినట్టు ఏ జంటకా జంటను పక్కపక్కనే పేర్చి నొక్కాను. అన్ని కొసలకూ ఒకే వరస. టెస్టరు పెడితే ఎనిమిది దీపాలూ క్రమంగా వెలిగాయి. టీవీ పెడితే కాసేపు వచ్చేది, కాసేపు పోయేది. మధ్యలో ఎవరైనా ఫ్యాను వేసినా నాకు అనుమానంగానే ఉండేది.

అసలు వరస అది కాదట. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. పచ్చజంట విడిపోయి ఉంటుంది, వాళ్ళిద్దరి మధ్య నీలంజంట కూర్చుంటుంది. ఎందుకిలా అని చూస్తే మళ్ళీ టెలిఫోనే. ఫోను లైనుకు ప్లగ్గులో నడుమనున్న రెండు కాళ్ళు, అంటే పిన్నులు, వాడేవారు, ఆ చోటు నీలానికి ఇచ్చేసి పచ్చను దాని చుట్టూ సర్దారు. వంద మెగాబిట్ల పరికరం ఒకటి, రెండు, మూడు, ఆరు కాళ్ళనే వాడుతుంది. మూడు, ఆరు ఒకే మెలిలోని తీగలు కావాలి. జతలో ఒక తీగ మీద వెళ్ళే సంకేతానికి సరిగ్గా వ్యతిరేకమైనది రెండో తీగ మీద వెళుతుంది. రెండూ మెలిపడి ఉన్నాయి కాబట్టి బయటి రొద రెండింటికీ సమానంగా తగిలి, అవతల లెక్క తీసేసరికి కొట్టుకుపోతుంది. నేను చేసిన ఏర్పాటులో మూడో కాలు పచ్చజంటది, ఆరో కాలు నీలంజంటది. రొద ఎక్కడికీ పోలేదు. తీగ ఈ కొస నుంచి ఆ కొసకు ఉందా అన్నదే టెస్టరు చూస్తుంది, ఏ తీగ ఎవరితో మెలిపడిందో దానికి తెలియదు. ఇదంతా మా అబ్బాయి ఒక వీడియో చూసి చెప్పాడు. వాడు చెప్పేలోపే నేను చాలా ప్లగ్గులు నొక్కి, కోసి, మళ్ళీ నొక్కి, పెట్టెలోంచి బయటికున్న మూరెడు వైరును బెత్తెడుకు తెచ్చాను.

చివరికి సరైన వరసలో ప్లగ్గులు పడ్డాయి. రెండు టీవీలూ ఒకేసారి వచ్చాయి. కింద రాముడు విల్లు విరిచాడు, పైన మా ఆవిడ సిరీస్‌లో హంతకుడు దొరికాడు. ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా నా అంత సుఖి లేడు.

తొమ్మిదిన్నరకు పైన టీవీ పోయింది.

ఇంతకుముందు తొమ్మిదిన్నరకు బతికేది, ఇప్పుడు తొమ్మిదిన్నరకు చచ్చిపోతోంది. కిందికి పరిగెత్తాను. అమ్మ అలవాటు ప్రకారం గోడ దగ్గర స్విచ్చి ఆపేసి దుప్పటి కప్పుకుంది. టీవీ, నేను కొత్తగా పెట్టిన పెట్టె రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉన్నాయి. “నా టీవీ ఆపేశాక ఆ దీపాల పెట్టెకు కరెంటు ఎందుకురా దండగ?” అంది. అది తినేది రెండు మూడు వాట్లేనని చెబితే, “అలా రెండూ మూడూ అనే బిల్లు అంతయింది,” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆ పెట్టెను వేరే ప్లగ్గుకు మార్చి, పైన ‘ఇది ఆపవద్దు’ అని కాగితం అంటించాను. ఆ ప్లగ్గు ఇన్వర్టరు లైను మీద లేదన్న సంగతి తర్వాతి కరెంటు కోతలో తెలిసింది. రూటరు వెలుగుతోంది, పైన టీవీ వెలుగుతోంది, మధ్యవర్తికి మాత్రం ఊపిరి లేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. “ఆ రెండు రింగులే నయం” అన్నట్టు ఒక చూపు చూసింది.

ఆ తర్వాతది నాకు మరీ ఇష్టమైన ఘట్టం. ఎందుకంటే అందులో నేను గంటసేపు మురిసిపోయాను కూడా. ఒకరోజు ఇంట్లో ఫోన్లూ టీవీలూ ల్యాప్‌టాప్ అన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. అమ్మ గదిలోకి వెళ్ళి చూస్తే స్విచ్ మీద దీపాలు మునుపెన్నడూ లేనంత జోరుగా కొట్టుకుంటున్నాయి. “చూశారా, ఇది ఎంత పనిచేస్తోందో! లోపం రూటరుదే,” అని రూటరు మార్పించడానికి మళ్ళీ ఫోను చేశాను. ఆ కుర్రాడే వచ్చాడు. స్విచ్ వంక చూసి, ఒక వైరు పీకి, చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఈసారి కాఫీ కూడా తాగలేదు.

జరిగిందేమిటంటే, టీవీ దగ్గర అక్కరకొస్తుందని నేను స్విచ్‌కు ఒక అదనపు వైరు తగిలించి, రెండో కొస వదిలేశాను. గది ఊడుస్తుంటే కాళ్ళకు తగులుతోందని అమ్మ ఆ కొసను కూడా ఖాళీగా ఉన్న రంధ్రంలో చక్కగా గుచ్చేసింది. ఒకే పెట్టెలోంచి బయలుదేరి అదే పెట్టెలోకి వచ్చే వైరు. ‘అందరికీ’ అంటూ వచ్చిన ప్రతి సందేశాన్నీ స్విచ్ మిగిలిన అన్ని రంధ్రాల్లోకీ పంపుతుంది. ఆ వైరులోంచి అదే సందేశం తిరిగొస్తుంది, మళ్ళీ అందరికీ పంపుతుంది. ఆగే ఉపాయం లేదు. అసలు పని చేయడానికి వైరులో చోటు మిగలదు. ఇలా చుట్టూ తిరగకుండా దారి కనిపెట్టే పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించింది, దానిమీద తనే ఒక పద్యం కూడా రాసుకుంది. పెద్ద ఆఫీసుల స్విచ్‌లలో ఆ పద్ధతి ఉంటుంది. ఇళ్ళకు కొనుక్కునే చిన్న పెట్టెల్లో సాధారణంగా ఉండదు. మా గిగాబిట్ పెట్టెలో లేదు. అదనపు వైరు తీసి బీరువాలో పెట్టాను.

అన్నీ కుదిరాక నా విజయాన్ని కొలిచి చూపించాలనిపించింది. రూటరు గిగాబిట్, వైరు క్యాట్ 6, స్విచ్ గిగాబిట్. అందరినీ పిలిచి కూర్చోబెట్టి, మా టీవీలో స్పీడ్ టెస్టు పెట్టాను. 94 దగ్గర ఆగింది. మళ్ళీ పెట్టాను. 94. మా అబ్బాయి వైరు పీకి అదే టీవీని వైఫైకి కలిపాడు. గోడలు, స్లాబు దాటుకుని వచ్చిన వైఫై నూటయాభై పైన చూపించింది.

ఈ మాట షాపతను ముందే అన్నాడు. చాలా టీవీలకు, 4కే టీవీలతో సహా, వెనక ఉండే లాన్ రంధ్రం వంద మెగాబిట్లదే. లోపలి ఖర్చులు పోను చేతికొచ్చేది 94 దాకా. గిగాబిట్ వేగానికి ఎనిమిది తీగలూ కావాలి, వందకు నాలుగే చాలు. నేను అంత కష్టపడి పేర్చిన నీలంజంట, గోధుమజంట టీవీ దగ్గరికొచ్చేసరికి ఊరికే నిలబడి ఉన్నాయి. అలాగని టీవీకి తక్కువైందీ లేదు. 4కే సినిమాకు 15 మెగాబిట్లు ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. వైరులో వచ్చే 94 రాత్రీ పగలూ ఒకేలా ఉంటుంది. వైఫైలో వచ్చే నూటయాభై పక్కింటివాళ్ళు మైక్రోవేవ్‌లో పాలు కాచుకుంటే ఎంతవుతుందో చెప్పలేం. నా సిద్ధాంతం తప్పు కాదని నేనిప్పటికీ అంటాను. కాకపోతే దాన్ని వేగం పేరు చెప్పి అమ్మాను, అది స్థిరత్వం కోసం కొనాల్సిన సరుకు.

“ఇప్పుడు ఆగట్లేదు కదండీ, చాలు,” అని మా ఆవిడ తీర్పు చెప్పింది. రెండు రింగులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు వాటికి ‘కాఫీ కలిపాను, కిందికి రా’ అని అర్థం. నాకు ఏ రింగూ లేదు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు కొంచెం వినండి. పైపులు పరుస్తున్నప్పుడే రూటరు పెట్టే చోటు నుంచి ప్రతి టీవీకీ విడిగా ఒక పైపు, విడిగా ఒక వైరు వేయించండి. మధ్యలో జాయింటు వద్దు, కరెంటు తీగలున్న పైపులో వద్దు. రేపు లాగడానికి పైపులో ఒక ఇనప తీగ వదిలిపెట్టమనండి. వైర్లన్నీ కలిసేచోట ఇన్వర్టరు మీద ఒక ప్లగ్గు పెట్టించండి. పని అయ్యాక మూత బిగించేలోపు రూటరు దగ్గర నిలబడి, గోడలోంచి ఎన్ని వైర్లు బయటికొచ్చాయో వేలుపెట్టి లెక్కపెట్టండి. దూరం గురించి దిగులు పడకండి. ఈ వైరు ఏకబిగిన వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇళ్ళలో ఏ గదీ అంత దూరం ఉండదు.